పాలకొల్లు దగ్గర పల్లెలో హెచ్‌డీ 600తో ఏడాది: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ అక్కర్లేదు

సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ కొని మొన్న వినాయక చవితికి ఏడాది నిండింది. వారం రోజులు విని రాసేసిన రివ్యూలు బోలెడున్నాయి. ఒక వేసవి, ఒక వానాకాలం, ఒక సంక్రాంతి దాటాక, మన డెల్టా ఉక్కపోతలో, మన కరెంటు మీద, మన ఇళ్ల చప్పుళ్ల మధ్య ఇది ఎలా పనిచేస్తుందో చూసి రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. ముందే చెప్పేస్తాను, హెడ్‌ఫోన్ చాలా బాగుంది, మళ్లీ కొనమన్నా ఇదే కొంటాను. కానీ దీంట్లోంచి మంచి సౌండ్ రప్పించడానికి నేను పెట్టిన ఖర్చులో సగం పైగా అక్కర్లేని చోట పెట్టాను. నిజంగా తేడా తెచ్చిన పనులకు పెద్దగా డబ్బు అవ్వలేదు, వాటి గురించి నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది పాలకొల్లుకి ఆరు కిలోమీటర్ల దూరంలో కాలువ గట్టు మీద ఊరు. ఇంటి ముందు కొబ్బరి తోట, వెనక మా చిన్నాన్న గారి రొయ్యల చెరువులు. ఈ చెరువుల సంగతి ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

ఇది కొత్త మోడల్ ఏమీ కాదు. 1997లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. బ్లూటూత్ లేదు, మైకు లేదు, మూడు మీటర్ల వైరు ఉంది. వైరు ఊడదీసి మార్చుకోవచ్చు, ప్యాడ్లు మార్చుకోవచ్చు, తల మీద పట్టీ మెత్త కూడా మార్చుకోవచ్చు, ఏ ముక్కకి ఆ ముక్క విడిగా దొరుకుతుంది. దీన్ని ఎంచుకోవడానికి నాకున్న మొదటి కారణం అదే. రెండేళ్లకి బ్యాటరీ చచ్చిపోయి పారేసే వస్తువు మీద పాతిక వేల చిల్లర పెట్టడానికి నాకు మనసొప్పదు.

ఓపెన్ బ్యాక్ అంటే తెలియనివాళ్ల కోసం: చెవి కప్పుల వెనక మూత ఉండదు, జల్లెడ లాంటి ఇనప మెష్ ఉంటుంది. అందువల్ల పాట తల మధ్యలో ఇరుక్కుపోయినట్టు కాకుండా కొంచెం గాలి పోసుకుని వినిపిస్తుంది. అలాగే లోపలి పాట బయటికి, బయటి చప్పుడు లోపలికి ధారాళంగా వస్తాయి. పక్క మంచం మీద పడుకున్నవాళ్లకి మీరు వింటున్న పాట ఏదో తెలిసిపోతుంది. బస్సులో, రైల్లో, ఆఫీసులో వాడదామనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, ఇది మీకు పనికొచ్చే వస్తువు కాదు.

ఇక వినికిడి. నేను మొదట పెట్టింది మాండొలిన్ శ్రీనివాస్ గారి కచేరీ. 1969లో మా పాలకొల్లులోనే పుట్టిన మనిషి, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించారు. ఆయన్ని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను, క్యాసెట్లలో, కారులో, ఫోన్ ఇయర్‌ఫోన్లలో. ఇన్నేళ్లూ నాకు స్వరాలు వినిపించాయి. ఇందులో స్వరం ఎలా మొదలవుతుందో వినిపించింది. తీగని మీటే ముక్క తీగకి తగిలిన ఆ సన్నని టిక్కు, ఆ వెంటనే వేలు ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి జారడం, జారుతూ మధ్యలో ఒక్క క్షణం ఆగి మళ్లీ ఊగడం, ఇవన్నీ విడివిడిగా తెలిశాయి. గమకం అని పుస్తకాల్లో రాసేది ఇదన్నమాట అని ఆ రాత్రి అర్థమయింది.

మృదంగం ఇంకో సంగతి. మృదంగానికి ఎడమ వైపు, తొప్పి అంటారు, దాని మీద తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు, ఆ బరువుకే లోతైన నాదం వస్తుంది. వాయించేవాళ్లు అక్కడ కొట్టి మణికట్టుతో నొక్కితే నాదం 'గూం' అని మొదలై పైకి లేస్తుంది, దాన్నే గుమ్కీ అంటారు. మామూలు ఇయర్‌ఫోన్లలో బేస్ ఎక్కువ పెట్టి అమ్ముతారు కాబట్టి ఇది ఉత్త 'ధుమ్' లాగా వచ్చి పక్కనున్న తంబురాని కూడా మింగేస్తుంది. హెచ్‌డీ 600లో ఆ తోలు సాగడం వినిపించింది. తంబురా దాని దారిన అది, ఎక్కడా తెగకుండా, వెనక నడుస్తూనే ఉంది. గొంతుల విషయంలో అయితే నాకు ఇంతకన్నా సహజంగా వినిపించిన హెడ్‌ఫోన్ ఇంకోటి లేదు. కోనసీమలో శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు మంద్రంలోకి దిగేటప్పుడు గొంతు సన్నబడకుండా నిండుగా దిగుతుంది చూడండి, అది తెలియాలంటే మధ్య స్థాయి నిజాయితీగా పలకాలి. దీనికి ఆ గుణం ఉంది.

లోపం కూడా చెప్పాలి. అడుగు బేస్ తక్కువ, 60 హెర్ట్జ్ కిందికి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. తీన్‌మార్, డీజే పాటలు, కొత్త సినిమాల నేపథ్య సంగీతంలో గుండెల మీద గుద్దే బేస్ కావాలనుకుంటే ఇది మీకు నచ్చదు. కొత్తలో తలని గట్టిగా పట్టేస్తుంది కూడా, ఈ మోడల్‌కి అది మొదటి నుంచీ ఉన్న పేరే. రాత్రిళ్లు రెండు లావుపాటి పుస్తకాలకి తొడిగి వదిలేస్తే రెండు వారాల్లో సర్దుకుంది.

సరే, దీన్ని దేనికి పెట్టి వినాలి? అందరూ భయపెట్టేది ఇక్కడే. 300 ఓమ్‌లు (అంటే కరెంటుకి అడ్డుపడే నిరోధం), ఆంప్ (సిగ్నల్‌ని బలపరిచే పెట్టె) లేకుండా పలకదు, ఫోన్‌కి పెడితే దండగ అని ఎక్కడ చూసినా ఇదే మాట. లెక్క వేసి చూద్దాం, కష్టమేం కాదు. వోల్టేజీని వోల్టేజీతో గుణించి ఓమ్‌లతో భాగిస్తే పవర్ వస్తుంది. హెడ్‌ఫోన్ వైరు తగిలించడానికి ఫోన్ టైప్-సి రంధ్రంలో పెట్టుకునే వేలెడంత డాంగిల్ మంచిదైతే ఒక వోల్టు ఇస్తుంది. ఒకటిని 300తో భాగిస్తే 3.3 మిల్లీవాట్లు. చాలా తక్కువ అనిపిస్తుంది, కానీ ఈ హెడ్‌ఫోన్‌కి ఒక్క మిల్లీవాట్ ఇస్తేనే 97 డెసిబెల్స్ దాకా మోగుతుంది, 3.3 ఇస్తే వంద దాటుతుంది. వంద డెసిబెల్స్ ఎవరూ వినకూడని మోత. అంటే ఇప్పటి సినిమా పాటలకి డాంగిల్ చాలు, చాలడం కాదు, మిగులుతుంది కూడా. పాత కచేరీ రికార్డింగుల సంగతి వేరు. వాటిని తక్కువ స్థాయిలో రికార్డ్ చేసి ఉంటారు, ఆలాపన దగ్గర మరీ మెల్లగా ఉంటుంది, అక్కడ వాల్యూమ్ చివరికంటా తిప్పినా ఇంకొంచెం ఉంటే బాగుండు అనిపిస్తుంది. నాకు ఆంప్ అవసరం నిజంగా కనిపించింది ఆ ఒక్క చోటే.

డాంగిల్ విషయంలో ఒక జాగ్రత్త. నేను మొదట కొన్న పేరున్న కంపెనీ డాంగిల్ లాప్‌టాప్‌కి పెడితే బాగా మోగింది, నా ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెడితే గుసగుసలాడినట్టు వచ్చింది. పాడైందేమో అనుకుని వెనక్కి పంపబోయాను. డాంగిల్ లోపల దాని సొంత వాల్యూమ్ ఒకటి ఉంటుంది, కొన్ని ఫోన్లు దాన్ని పైకి తియ్యవు, ఫోన్‌లో వాల్యూమ్ వంద చూపిస్తున్నా లోపల సగంలోనే ఉంటుంది. డాంగిల్‌ని నేరుగా నడిపే ప్లేయర్ యాప్ పెట్టి ఆ లోపలి వాల్యూమ్ పూర్తిగా తియ్యగానే అదే డాంగిల్ గొంతు విప్పింది. 'నా ఫోన్‌కి ఈ హెడ్‌ఫోన్ సరిపోవట్లేదు' అనేవాళ్లు పెద్ద ఆంప్ కొనేముందు ఇది చూసుకోండి, వేలల్లో ఖర్చు తప్పుతుంది.

నేను చూసుకోలేదు, అప్పటికే డెస్క్ మీద పెట్టుకునే డాక్ (ఫైల్‌లోని అంకెల్ని సౌండ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె), ఆంప్ రెండూ ఆర్డర్ పెట్టేశాను, రెండూ కలిపి దాదాపు హెడ్‌ఫోన్ ఖరీదు. మొదటి వారం అద్భుతం అనిపించింది. లోతు పెరిగింది, వాయిద్యాలు విడివిడిగా నిలబడ్డాయి అని స్నేహితులందరికీ ఫోన్ చేసి చెప్పాను. తర్వాత అనుమానం వచ్చింది. రెండింట్లో ఒకటి కొంచెం పెద్దగా మోగితే చెవికి అదే బాగుందనిపిస్తుంది, ఒక్క డెసిబెల్ తేడా ఉన్నా చాలు, అది పెద్దగా ఉందని తెలియదు, బాగుందని మాత్రమే తెలుస్తుంది. అందుకని మా ఎలక్ట్రీషియన్ బాబాయి దగ్గర మల్టీమీటర్ అడిగి తెచ్చాను. 200 హెర్ట్జ్ టోన్ ఒకటి ప్లే చేసి, డాంగిల్ దగ్గర ఎంత వోల్టేజీ వస్తోందో చూసి, ఆంప్ నాబ్‌ని సరిగ్గా అంతకే తిప్పి పెట్టాను. తక్కువ ఖరీదు మీటర్లు ఎక్కువ హెర్ట్జ్ దగ్గర తప్పు చూపిస్తాయి, కాబట్టి కింది టోనే వాడాలి. మా తమ్ముడు బీరువా వెనక నిలబడి జాక్ మార్చాడు, నేను కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పాను. ఇరవై సార్లు చేస్తే పదకొండు సార్లు కరెక్ట్ చెప్పాను. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది.

ఆ రోజు చాలా బాధపడ్డాను, దాచుకున్న డబ్బు అది. ఆంప్ చెడ్డదని అనట్లేదు, మెల్లగా ఉండే కచేరీలకి దాని అవసరం ఉంది, నాబ్ తిప్పడం సుఖంగా ఉంటుంది. కానీ అందులో మూడో వంతు ఖరీదు ఆంప్‌తో కూడా ఆ పని జరిగేది.

ఒక్క ట్యూబ్ ఆంప్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచేది) మాత్రం నిజంగా తేడాగా వినిపించింది. భీమవరంలో ఒక స్నేహితుడి దగ్గర ఉంది, విని వచ్చాను. బేస్ కొంచెం లావెక్కి, గొంతులకి వెచ్చదనం వచ్చినట్టు ఉంటుంది. దీనికి కారణం ఉంది. ఈ హెడ్‌ఫోన్‌కి 300 ఓమ్‌లు అని రాసినా అన్ని స్వరాల దగ్గరా అంతే ఉండదు, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 500 దాటిపోతుంది. కొన్ని ట్యూబ్ ఆంప్‌లకి లోపలి నిరోధం కూడా ఎక్కువ. రెండూ ఎక్కువైన చోట ఆంప్ వోల్టేజీలో ఎక్కువ వాటా హెడ్‌ఫోన్‌కి దక్కుతుంది, అక్కడ బేస్ ఉబ్బుతుంది. అంటే అదొక ఈక్వలైజర్ లాంటిది, బేస్‌నీ పై స్థాయినీ విడివిడిగా పెంచీ తగ్గించే సాధనం. నచ్చితే తప్పులేదు, నాకూ నచ్చింది, కానీ అదే పని ఫోన్‌లో ఊరికే చేసుకోవచ్చు, కిందికి వచ్చాక చెప్తాను.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద సంగతి, ఎర్తు.

ఆంప్ పెట్టిన రోజు నుంచీ పాట ఆగిన చోటల్లా సన్నగా 'మ్మ్మ్' అని హమ్. లాప్‌టాప్ ఛార్జర్ పెడితే పెరుగుతుంది, తీస్తే తగ్గుతుంది. లాప్‌టాప్ రేకు మీద మణికట్టు ఆనిస్తే జిల్లుమని సన్నగా షాక్. అమ్మిన షాపువాళ్లకి ఫోన్ చేస్తే మంచి పవర్ కేబుల్ కొనండి, తొమ్మిది వేలు, అది పెడితే పోతుంది అన్నారు. షాపు పేరు రాయను, వాళ్లకి మా ఇంటి కరెంటు సంగతి తెలియదు కదా. నేను కొనబోయి, ఎందుకైనా మంచిదని మా బాబాయిని పిలిచాను. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఊళ్లలో వైరింగ్ చేస్తున్న మనిషి. ఆంప్ వైపు చూడను కూడా చూడలేదు, మీటర్ తీసి గోడ ప్లగ్గులో పెట్టారు.

"ఆయ్, చూడండి బాబూ, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఇరవై రెండు వోల్టులు. రెండు మూడు దాటకూడదండి ఇది. పెట్టెలో ఏం లేదు, మీ ఎర్తే చచ్చిపోయింది."

మరుసటి రోజు పొద్దున్నే పెరట్లో తులసి కోట పక్కన ఎర్తు గుంట తవ్వించారు. మాకు మూడు నాలుగు అడుగులు తవ్వితే నీళ్లు పడతాయి, అందులోనూ సముద్రం దగ్గర కాబట్టి ఉప్పు నేల. నాన్నగారు ఇల్లు కట్టినప్పుడు పాతిన ఇనప పైపు పైన జానెడు ముక్క తప్ప మిగతాదంతా తుప్పు పట్టి, చేత్తో నలిపితే పొడి అయిపోయింది. దానికి బిగించిన తీగ బోల్టు దగ్గర ఎప్పుడో తెగిపోయి మట్టిలో ఊరికే పడి ఉంది. అంటే ఇన్నేళ్లూ మా ఇంట్లో మూడో పిన్నుకి అర్థం లేదు. ఫ్రిజ్, గీజర్, వాషింగ్ మెషిన్ అన్నీ అలాగే నడిచాయి. అది తలుచుకుంటే హమ్ సంగతి పక్కన పెట్టి భయం వేసింది, పిల్లలు తిరిగే ఇల్లు. రాగి పూత ఉన్న కడ్డీ దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి, కొత్త తీగ లాగి బోర్డు దాకా తెచ్చారు. మళ్లీ మీటర్ పెడితే ఒకటిన్నర వోల్టు. కూలీతో కలిపి నాలుగు వేల లోపు అయింది.

ఆంప్ ఆన్ చేశాను. నిశ్శబ్దం. ఏ పాటా పెట్టకుండా వాల్యూమ్ మూడొంతులు తిప్పినా ఏమీ లేదు. ఏడాది మొత్తంలో నేను పెట్టిన ఏ ఖర్చూ ఇంత సుఖం ఇవ్వలేదు. తంబురా వెనక ఇన్నాళ్లూ ఇంకో శ్రుతి, తప్పుడు శ్రుతి, మోగుతూ ఉండేదని అది పోయాకే తెలిసింది.

ఇంటర్నెట్‌లో కొంతమంది హమ్ పోవడానికి ప్లగ్గు మూడో పిన్ను విరిచెయ్యమని సలహా ఇస్తారు. దయచేసి చెయ్యకండి. హమ్ పోవచ్చు, మనిషి కూడా పోవచ్చు. లాప్‌టాప్, ఆంప్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి, అప్పటికీ ఉంటే ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద వినండి. ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి ఇంకో మాట: మాది పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, కరెంటు పోగానే ఆంప్‌లో ట్రాన్స్‌ఫార్మర్ గరగరలాడుతుంది. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఈ గోల ఉండదు. నేను కరెంటు పోతే ఆంప్ ఆపేసి ఫోన్‌కి డాంగిల్ పెట్టి వింటాను, బ్యాటరీ మీద నడిచేదానికి హమ్ ఎక్కడి నుంచి వస్తుంది.

ఇప్పుడు చెరువుల సంగతి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది, అందుకే అర్ధరాత్రి దాటాక ఏరేటర్లు వేస్తారు, తెల్లారే దాకా నీళ్లు చిలుకుతూనే ఉంటాయి. నేను పాటలు వినేది కూడా అప్పుడే. ఓపెన్ బ్యాక్ కాబట్టి ఆ చప్పుడంతా నేరుగా లోపలికి. దాంతో పాటు గదిలో ఫ్యాను, వానాకాలంలో కప్పలు. ఫోన్ యాప్ లెక్క అంత కచ్చితం కాదు గానీ, ఫ్యాన్ మూడులో ఉండగా 48 డెసిబెల్స్ చూపించింది, ఆపి చెరువు వైపు కిటికీ మూస్తే 34. ఈ పద్నాలుగు డెసిబెల్స్ తేడా ఏ ఆంప్ మార్చినా, ఏ ఫైల్ కొన్నా రాదు. 1982లో వచ్చిన మామూలు సీడీకే 16 బిట్లతో అతి మెల్లని సౌండుకీ అతి పెద్ద సౌండుకీ మధ్య 96 డెసిబెల్స్ వ్యత్యాసం పట్టే సత్తా ఉంది. మన గది చప్పుడు అందులో అడుగు భాగాన్ని ముంచేస్తుంటే 24 బిట్ల ఫైళ్ల కోసం వెతకడంలో అర్థం లేదు. ముందు ఫ్యాన్ ఆపండి. మే నెలలో ఎలా అంటే, నేను గంట ముందు గదిలో ఏసీ వేసి చల్లబరిచి, వినేటప్పుడు అది కూడా ఆపేస్తాను. నలభై నిమిషాలు హాయిగా వస్తుంది. ఒక కచేరీలో ప్రధాన రాగానికి ఆ సమయం సరిపోతుంది.

చప్పుడు ఎక్కువైతే ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని దాటించడానికి మనం వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల దాకా వినొచ్చు, ఆ పైన ప్రతి మెట్టుకీ సమయం వేగంగా తగ్గిపోతుంది. ఓపెన్ హెడ్‌ఫోన్ చెవికి శ్రమ తెలియనివ్వదు, అందుకే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చెవి పోతే ఈ వస్తువులన్నీ దేనికి?

ప్యాడ్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు వాడేవాళ్లకి ఇది అందరికన్నా ఎక్కువ అవసరం. దీని ప్యాడ్లు మఖమల్ లాంటి గుడ్డవి. నాకు రోజూ కొబ్బరినూనె రాసుకునే అలవాటు, కోనసీమ పక్కన పుట్టినవాళ్లం, మా ఇంట్లో గానుగ నూనె. ఏడెనిమిది నెలలకి సౌండ్ మారిపోయింది, గొంతులు కొంచెం ముక్కుతో పాడినట్టు, పై స్థాయి గుచ్చినట్టు. హెడ్‌ఫోన్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. చివరికి ప్యాడ్ తీసి వేలితో నొక్కి చూస్తే జిడ్డు పట్టి, అట్టలాగా బిగుసుకుని, ఎత్తు సగానికి అణిగిపోయింది. ప్యాడ్ అణిగితే లోపలి డ్రైవర్, అంటే సౌండ్ పుట్టించే భాగం, చెవికి దగ్గరవుతుంది, చెవి చుట్టూ ఉండాల్సిన ఖాళీ తగ్గిపోతుంది, అంచు సరిగ్గా ఆనదు, దాంతో సౌండ్ మొత్తం తూకం తప్పుతుంది. ఊడదీసి గోరువెచ్చని నీళ్లలో షాంపూ చుక్క వేసి మెల్లగా పిండకుండా కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టాను. మూడొంతులు తిరిగి వచ్చింది. ఇప్పుడు తలంటుకున్న రోజు రాత్రే ఎక్కువగా వింటున్నాను, మిగతా రోజుల్లో పల్చటి నూలు గుడ్డ ఒకటి తలకి చుట్టుకుంటాను. కళ్లద్దాలు ఉన్నవాళ్లు కూడా ఒకసారి తీసి విని చూడండి, ఆ కాడ దగ్గర సందు పడి ఉన్న కొంచెం బేస్ కూడా పోతుంది.

గాలిలో తేమకి ఇంకో రెండు జాగ్రత్తలు. ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాచకండి, లోపల స్పాంజి చెమ్మకి పొడిపొడిగా రాలిపోతుంది. నేను మూత బిగుతుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేసి పెడుతున్నాను, నెలకోసారి ఆ పొట్లాలు ఎండలో పెడతాను. జాక్ మీద ఉప్పు గాలికి సన్నని పొర పడుతుంది, ఒక చెవి ఆగి ఆగి పలుకుతుంటే ముందు స్పిరిట్ తడిపిన దూదితో జాక్ తుడిచి చూడండి.

రికార్డింగ్. ఎంత మంచి హెడ్‌ఫోన్ అయితే రికార్డింగ్ లోపం అంత బాగా కనిపెడుతుంది. పాత కచేరీలు, పాత సినిమా పాటలు ఇంటర్నెట్‌లో ఎక్కించేవాళ్లు గరగర తీసేద్దామని నాయిస్ ఫిల్టర్ గట్టిగా వేస్తున్నారు. గరగరతో పాటు తంబురా పోతుంది, పాడేవాళ్ల ఊపిరి పోతుంది, తాళం వేసే చేతి చప్పుడు పోతుంది. గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది. అలాంటిది ఏ హెచ్‌డీ ట్యాగ్ తగిలించినా దండగే. కొంచెం గరగర ఉన్నా ముట్టుకోని కాపీయే మేలు, రెండు నిమిషాల్లో చెవి ఆ గరగరని మర్చిపోతుంది, పోయిన తంబురాని మాత్రం తిరిగి తేలేదు. ఒకే కచేరీకి మూడు నాలుగు కాపీలు వెతికి, ఒక్కో నిమిషం విని, మంచిది దాచుకోండి. నా అనుభవంలో సౌండ్‌ని ఎక్కువగా మార్చింది మొదట ఎర్తు, రెండోది ఇదే.

పాత పాటలు చాలా వరకు మోనో, అంటే రెండు చెవుల్లోనూ ఒకే సౌండ్. హెడ్‌ఫోన్‌లో మోనో అంటే పాట మొత్తం తల నడిమధ్యన నిలబడుతుంది, కొత్తగా వినేవాళ్లకి ఇరుకుగా అనిపిస్తుంది, అది హెడ్‌ఫోన్ తప్పు కాదు. దానికి వ్యతిరేకం తొలి రోజుల స్టీరియో, గొంతు ఒక చెవిలో, వాయిద్యాలు ఇంకో చెవిలో. స్పీకర్లలో అయితే రెండు చెవులకీ రెండు స్పీకర్లూ వినిపిస్తాయి, హెడ్‌ఫోన్‌లో ఆ కలగలుపు ఉండదు. క్రాస్‌ఫీడ్ అనే ఆప్షన్ కొన్ని ప్లేయర్ యాప్‌లలో ఉంటుంది, అటు సౌండ్ కొంచెం ఇటు, ఇటుది కొంచెం అటు కలుపుతుంది. ఆ రకం పాటలకి అది పెడితే అరగంట విన్నా తల నొప్పి రాదు.

ఈక్వలైజర్ అంటే చాలామందికి చిన్నచూపు, అసలు సౌండ్‌ని పాడుచేయడమే అంటారు. నేను ఒప్పుకోను. అడుగు బేస్ తక్కువని తెలిసిన హెడ్‌ఫోన్‌కి 100 హెర్ట్జ్ కింద నాలుగైదు డెసిబెల్స్ లేపితే లోటు పూడుతుంది. ముందుగా మొత్తం స్థాయిని అయిదు డెసిబెల్స్ దించండి, లేకపోతే బేస్ వచ్చిన చోట సౌండ్ చిట్లుతుంది. ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ యాప్ ఉంది, అందులో ఆటో ఈక్యూ కొలతలు, అంటే ఒక్కో హెడ్‌ఫోన్‌కి ముందే లెక్కగట్టిన సర్దుబాట్లు, మోడల్ పేరు కొడితే వచ్చేస్తాయి. ఒక రూపాయి ఖర్చు లేదు. ట్యూబ్ ఆంప్‌లో నాకు నచ్చిన ఆ వెచ్చదనం కూడా దాదాపు ఇక్కడే దొరికింది.

లావు కేబుల్ కూడా ఒకటి కొన్నాను. తేడా లేదు. తిరిగి అమ్మేశాను.

ఎవరు కొనాలి? గొంతులు, వీణ, వయొలిన్, మాండొలిన్, పాత పాటలు ఇష్టపడి, రోజూ ఒక గంట కదలకుండా కూర్చుని వినే తీరిక ఉన్నవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. హెడ్‌ఫోన్, ఒక మంచి డాంగిల్, అంతే. ఆ తర్వాత ఎర్తు చూపించుకోండి. ఆంప్ ఆరు నెలల తర్వాత ఆలోచించండి, అప్పటికి మీకే తెలుస్తుంది కావాలో వద్దో. ఇంట్లో నిశ్శబ్దం దొరకనివాళ్లు, పిల్లలున్న ఒకటే గది ఉన్నవాళ్లు మూసి ఉండే రకమో, చెవిలో దూర్చుకునే మంచి ఇయర్‌ఫోనో చూసుకోవడం మేలు.

మొన్న దసరాకి మా మావయ్య వచ్చారు. డెబ్బై దాటాయి, ఎప్పుడూ రేడియో తప్ప ఏదీ పెట్టుకోలేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఆయనకీ నిద్ర పట్టక లేచి కూర్చుంటే తల మీద పెట్టాను, అదే మాండొలిన్ కచేరీ. కాసేపు ఏం మాట్లాడలేదు. రెండు చేతులతో కప్పులు మెల్లగా అదిమి పట్టుకున్నారు, ఆలాపన అయిపోయే దాకా చేతులు తియ్యలేదు. తర్వాత "ఒరేయ్, ఆ కుర్రాడి వేళ్లు వినిపిస్తున్నాయిరా" అన్నారు. ఇంకోసారి మొదటి నుంచీ పెట్టమన్నారు. పక్కన ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆయనకి అవేమీ పట్టలేదు.

ఆయన తలకీ బాగా నూనె ఉంటుంది. కొత్త ప్యాడ్లు రెండు జతలు ఆర్డర్ పెట్టాను, తణుకు దాకా వచ్చాయని ఇందాకే మెసేజ్ వచ్చింది.